అప్పులవాడు వాకిట నిలిచిన దినము

పఠింపవలసిన భాగములు: 2 రాజులు 4:1–7, నెహెమ్యా 5:1–13, 1 రాజులు 19:1–8, 1 సమూయేలు 31:11–13



ఈ మాసపు పాఠము బరువైనది. పత్తి, మిరప పండించు మన గుంటూరు, ప్రకాశము మైదానములలో తమ ప్రాణము తామే తీసుకొన్నవారి ఇండ్లు లేని ప్రాంతము అరుదు. మరణము జరిగిన దినమున వాకిట గుసగుసలు వినబడును. దినములు గడచిన తరువాత అందరమును మౌనముగా ఉందుము. ఆదివారము ఆరాధనలో ఆ మాట ఎత్తము. ఆ మౌనమును విడిచి, ఇట్టి మరణములకు దారితీయు కారణములేవో, సంఘముగా మన బాధ్యత ఏమో ఈ దినమున కలిసి నేర్చుకొందము.

1. విధవరాలి ఇల్లు

రాజుల రెండవ గ్రంథములోని ఆ స్త్రీ ఎలీషాయొద్దకు వచ్చి చెప్పిన సంగతి మనకు తెలిసినదే. ఆమె భర్త దైవభక్తి గలవాడు. అయినను అప్పుతోనే చనిపోయెను. ఇప్పుడు అప్పులవాడు ఆమె యిద్దరు కుమారులను దాసులుగా తీసుకొనిపోవ వచ్చియున్నాడు. ఆ భర్త ఎట్లు మరణించెనో గ్రంథము చెప్పదు గనుక మనమును చెప్పము. అయితే మూడు సంగతులను గమనింతము.

మొదటిది, భక్తిగలవాడు కూడ అప్పులో పడవచ్చును. కాబట్టి అప్పుపడినవానిని చూచి విశ్వాసము చాలనివాడని అనుట తగదు. రెండవది, “ఎందుకు అప్పు చేసితిరి?” అని ఎలీషా ఆమెను గద్దింపలేదు, ఇంటిలో ఏమున్నదని మాత్రమే అడిగెను. మూడవది, ఆమెను ఇరుగుపొరుగు వారియొద్దకు పంపి ఖాళీ పాత్రలు తెమ్మనెను. ఆ దినమున వీధివారు తమ పాత్రలు ఇయ్యకపోయినయెడల నూనె దేనిలో నిలుచును? నూనె అమ్మి మొదట అప్పు తీర్చుమనియు, మిగిలినదానితో బ్రదుకుమనియు ప్రవక్త చెప్పెను. ఆ యద్భుతములో పొరుగువారికిని పాలు కలదు.

2. మన నేలమీద జరిగినది

మన తాతల కాలములో ఈ నల్లరేగడిలో జొన్న, వరిగ వంటి తిండి పంటలు విస్తారముగా ఉండెను. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిన తరువాత అనేక గ్రామముల రూపు మారెను. కాలువ చివరి భూములకు మాత్రము నీరు ఒక యేడు వచ్చును, ఒక యేడు రాదు. పత్తియు మిరపయు ఇంటికి రూకలు తెచ్చు పంటలైనవి. అయితే అవి చేతికి రాకముందే రూకలు అడుగు పంటలు కూడ. విత్తనము, నారు, ఎరువు, పురుగుమందు, కోత కూలి అన్నియు డబ్బుతోనే. మిరప పైరుకు ఎకరమునకు పెట్టుబడి నేడు లక్షలలో ఉన్నది.

1987–88లో మన ప్రాంతపు పత్తిచేలమీద తెల్లదోమ పడెను. క్రొత్త రకపు మందులు మరల మరల కొట్టగా, దోమను తిను మేలుపురుగులు చచ్చెను, దోమ మాత్రము పెరిగెను. ఎంత కొట్టిన అంత అప్పు. పైరు చూడబోతే మసిబారి నిలిచెను. ఆ యేడు ప్రకాశము, గుంటూరు జిల్లాల పత్తిరైతులు అనేకులు ప్రాణములు తీసుకొనిరి. రైతుల ఆత్మహత్యలను గూర్చి మన రాష్ట్రములో పెద్ద యెత్తున చర్చ మొదలైనది అప్పుడే. 1997–98లో అదే దుఃఖము వరంగల్లు పత్తి ప్రాంతమునకు వచ్చెను.

మిరప సంగతియు అట్టిదే. ముందటి సంవత్సరము క్వింటాలు పదివేలు దాటిన ధర 2017లో గుంటూరు యార్డులో ఎంతగానో కూలిపోగా, కేంద్రము 5,000 రూపాయల ధరకు జోక్య పథకము ప్రకటింపవలసివచ్చెను. 2021–22లో నల్ల తామరపురుగు వచ్చి పూతను తినివేయగా అనేకులు పైరు పీకి దున్నివేసిరి. 2025లో ధర మరల పడెను. ఆ ఫిబ్రవరిలో 11,781 రూపాయల జోక్య ధర ప్రకటింపబడెను. పంట పోయిన యేడు చేతిలో సరుకు లేదు. పంట పండిన యేడు సరుకునకు ధర లేదు. మన రైతు ఈ రెండిటి నడుమ నలుగుచున్నాడు.

3. కారణములు ముడిపడియున్నవి

ఒక్క కారణముచేత ఎవరును చనిపోరు. ఈ ముడిలోని పోగులను ఒక్కొక్కటిగా విప్పి చూతము.

మొదటి పోగు అప్పు. 2019 సంవత్సరపు కేంద్ర ప్రభుత్వ సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లోని వ్యవసాయ కుటుంబములలో నూటికి 93 అప్పులో ఉన్నట్టు తేలెను. దేశమంతటిలో ఆ లెక్క నూటికి 50. మన రాష్ట్రములో సగటు అప్పు కుటుంబమునకు 2,45,554 రూపాయలు, దేశములో 74,121. ఆ అప్పు బ్యాంకుదే అయిన కొంత నయము. పురుగుమందుల కొట్టు, కమీషను కొట్టు, వడ్డీ వ్యాపారి వీరియొద్ద తెచ్చిన అప్పునకు కాగితముండదు, గడువుండదు. పెట్టుబడి ఇచ్చిన కొట్టుకే సరుకు వేయవలెను గనుక, ధర అడుగు స్వాతంత్ర్యమును పోవును.

రెండవ పోగు కౌలు. మన సంఘస్థులలో సొంత భూమి గలవారికంటె కౌలుదారులు, కూలీలే యెక్కువ. కౌలు రొక్కముగా చెల్లింపవలెను. పంట పోయినను కౌలు పోదు. పాసుపుస్తకము భూస్వామి పేరున ఉండుటచేత బ్యాంకు అప్పు, పంట నష్టపరిహారము తరచుగా ఆయనకే చేరును. 2004లో జయతీ ఘోష్ అధ్యక్షతన ఏర్పడిన రైతు సంక్షేమ కమిషను కౌలుదారులను గుర్తింపవలెనని గట్టిగా చెప్పెను. 2011లో ఒక చట్టము, 2019లో మరియొక చట్టము వచ్చెను. 2019 చట్టము ప్రకారము పదునొకండు నెలల సాగు హక్కు పత్రమునకు భూస్వామి సంతకము కావలెను. భూమి పోవునను భయముచేత అనేకులు సంతకము పెట్టలేదు.

మూడవ పోగు ఇంటి ఖర్చులు. ఆసుపత్రి, పిల్లల చదువు, కట్నము, తాహతుకు మించిన పెండ్లి విందు, వీటితోపాటు త్రాగుడు. వీటిలో కొన్ని తప్పనివి. కొన్నిటిని మాత్రము మనమే ఒకరినొకరము చూచి పెంచుకొన్నాము.

నాలుగవ పోగు సిగ్గు. నలుగురిలో అప్పులవాడు నోరుజారిన మాట రైతును పైరు నష్టముకంటె లోతుగా గాయపరచును. అతడు అరుగుమీదికి రాడు, గుడికి రాడు, భార్యకును చెప్పడు. ఒంటరియైన దుఃఖము ఒంటరిగానే నిర్ణయము చేయును.

4. లెక్కలను ఎట్లు చదువవలెను

2017లో మన దేశమున లక్షమందికి 9.9 చొప్పున ఉన్న ఆత్మహత్యలు 2022 నాటికి 12.4కు పెరిగెను. ఆ యేడు 1,70,924 మంది మరణించిరి. వారిలో వ్యవసాయ రంగమువారు 11,290. ఆంధ్రప్రదేశ్‌కు చెందినవారు 917. దేశములోని ఆ 11,290 మందిలో రైతులకంటె కూలీలే యెక్కువ. మరణించినవారందరిలో సుమారు మూడింట రెండు వంతులవారి సంవత్సరాదాయము లక్ష రూపాయలకు లోపు.

పోలీసు లెక్కలలో “కుటుంబ సమస్యలు” నూటికి 31.7 అనియు, “అనారోగ్యము” 18.4 అనియు, “అప్పులు” 4.1 అనియు వ్రాయబడెను. అయితే అప్పు ఇంటిలో ప్రవేశించినప్పుడు మొదట వచ్చునది భార్యాభర్తల కలహము గాదా? కాగితముమీద ఒక్క గడియే నిండును. ఇంటిలోనో అన్నియు కలిసియుండును. పొలము తన పేరున లేని స్త్రీ దినమంతయు మిరప కోసినను లెక్కలలో రైతు కాక “గృహిణి”గానే నమోదగును.

ఇది మన ప్రాంతపు దుఃఖము మాత్రమే కాదు. లోకములో యేటేట ఏడు లక్షలకు మించినవారు ఇట్లు మరణించుచున్నారనియు, వారిలో నూటికి 73 మంది బీద, మధ్యతరగతి ఆదాయ దేశములవారనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. నిరీక్షణ కలిగించు సాక్ష్యమును ఒకటి గలదు. మన పొరుగుననున్న శ్రీలంక మిక్కిలి విషపూరితమైన పురుగుమందులను 1995 నుండి క్రమముగా నిషేధింపగా, అక్కడి మరణముల రేటు సగముకంటె ఎక్కువగా తగ్గెను. వేదన తీవ్రమైన గడియ తరచుగా గడచిపోవునది. ఆ గడియలో విషము అందుబాటులో లేనియెడల అనేకులు బ్రదుకుదురు. ఈ మరణములు విధివ్రాతలు కావు, ఆపదగినవి.

5. నెహెమ్యా సభ పిలిచెను

నెహెమ్యా దినములలో జనులు ధాన్యముకొరకు పొలములు, ద్రాక్షతోటలు, ఇండ్లు కుదువ పెట్టిరి. పిల్లలను దాసత్వమునకు ఇచ్చిరి. వారి మొర విని నెహెమ్యా మిక్కిలి కోపపడెను. ఓదార్పు చెప్పి ఊరకుండక పెద్దలను సభకు పిలిచి, పొలములు, తోటలు తిరిగి ఇచ్చివేయుడనియు, వడ్డీగా తీసికొన్న నూరవ భాగమును విడిచిపెట్టుడనియు అడిగెను. తానును తన బంధువులును అప్పు ఇచ్చినవారమే అని కూడ అక్కడ దాచలేదు.

ఆ నూరవ వంతు నెలవారీ వడ్డీయని అనేకులు తలంచుచున్నారు. అనగా మన లెక్కలో నూటికి రూపాయి వడ్డీ. నేడు మన గ్రామములలో రెండు రూపాయలు, మూడు రూపాయలు సాధారణము. ఆదివారము ముందు బల్లపై కూర్చుండి, సోమవారము సాటి విశ్వాసి వాకిట వడ్డీకి నిలుచువారు మనలో ఉన్నారా? మనకు బాకీపడినవాడు ఈ యేడు ఎట్లున్నాడో విచారించితిమా? నెహెమ్యా వలె మొదట మనలను మనమే లెక్కలోనికి తీసుకొందము.

6. బదరీవృక్షము క్రింద

ఏలీయా అలసి, భయపడి, ఒంటరిగా అరణ్యములోనికి పోయి చావు కోరెను. అప్పుడు దూత అతనికి ఉపన్యాసమియ్యలేదు. అతడు నిద్రింపగా ముట్టి లేపి, వేడి రొట్టెయు నీళ్లును ఇచ్చెను, మరల నిద్రింపనిచ్చెను, మరల తినుమనెను. తరువాతనే ప్రయాణము.

చావు మాట ఎత్తినవానితో మనమెట్లు నడచుకొనవలెనో ఇందులో నేర్చుకొందము. “నీకు చావవలెనని తోచుచున్నదా?” అని మెల్లగా అడుగుటవలన ఆ తలంపు పుట్టదు, బరువు దిగును. అతనిని ఒంటరిగా విడువకుడి. ఇంటిలో పురుగుమందు నిలువ ఉంచక, ఆ దినమునకు కావలసినంతే తెచ్చుకొనుడి. నిద్ర పట్టక, తిండి సహింపక రోజులు గడచుచున్నయెడల ప్రార్థనతోపాటు వైద్యునియొద్దకును తీసుకొనిపోవుడి. అది అవిశ్వాసము కాదు. 2022లో ప్రారంభమైన టెలీ మానస్ అను ప్రభుత్వ సేవకు 14416 నంబరుకు ఫోను చేసినయెడల ఖర్చు లేకుండ తెలుగులో మాటలాడవచ్చును. ప్రయత్నము చేసి బ్రదికినవానిని కేసు భయముచేత దాచిపెట్టి ఆలస్యము చేయకుడి. పూర్వమున్న 309వ సెక్షను 2024 జూలై 1న వచ్చిన క్రొత్త న్యాయసంహితలో చేర్చబడలేదు. వెంటనే ఆసుపత్రికి చేర్చుడి.

7. యాబేష్గిలాదువారి పని

ఇట్లు మరణించినవారికి భూస్థాపన ఆరాధన చేయమనియు, గంట కొట్టమనియు కొన్ని చోట్ల అనుచున్నారు. సౌలు తన కత్తిమీద తానే పడి చనిపోయెను. యాబేష్గిలాదు బలశాలులు రాత్రియంతయు నడచి, అతని దేహమును తెచ్చి, యెముకలను పాతిపెట్టి, ఏడు దినములు ఉపవాసముండిరి. పూర్వము అతడు తమ పట్టణమును కాపాడిన మేలును వారు మరువలేదు. చనిపోయినవానికి తీర్పు తీర్చు పని దేవునిది. పాతిపెట్టుటయు, ఏడ్చుటయు, మిగిలినవారిని ఆదుకొనుటయు మన పని.

భూస్థాపనతో పని ముగియదు. 2004 నుండి మన రాష్ట్రములో ఇట్టి రైతు కుటుంబములకు ప్రభుత్వ సహాయము గలదు. అప్పుడు లక్షన్నరయైనది 2019లో ఏడు లక్షలకు పెంచబడెను. అయితే పోలీసు నివేదిక, శవపరీక్ష పత్రము, అప్పు పత్రములు, కౌలు రుజువు కావలెను. అధికారుల కమిటీ విచారించును. నోటిమాట కౌలుకు, నోటిమాట అప్పుకు రుజువెక్కడిది? చదువురాని విధవరాలు ఒంటరిగా ఈ మెట్లెక్కలేదు. చదువుకొన్న యువకుడొకడు, సంఘపెద్ద ఒకడు ఆమెతో నడువవలెను.

ఇది మనకు క్రొత్త బోధ కాదు. 1876–78 కరవులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాము కాలువ త్రవ్వు పనిలో కొంత గుత్తకు తీసుకొని ఆకలిగొన్నవారికి కూలి దొరకునట్లు చేసెను. కరవు తీరువరకు బాప్తిస్మములు ఆపియుంచెను. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున 2,222 మంది బాప్తిస్మము పొందుటకు ముందు జరిగినది ఆ పనియే. మన ప్రాంతపు సంఘ చరిత్రలో కూలియు కూడును బోధకు ముందు నడచినవి.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన సంఘములో కౌలు పత్రము లేనివారెందరు? ఈ పైరు కాలములోనే వ్రాయించుటకు ఎవరు తోడు వెళ్లుదురు?
2. మనము తీసుకొను వడ్డీని తగ్గింపగలమా? గడువు ఇయ్యగలమా?
3. పెండ్లి విందు ఖర్చునకు సంఘముగా ఒక హద్దు పెట్టుకొనగలమా?
4. నెలరోజులుగా ఆరాధనకు రానివారెవరు? ఈ వారము వారి ఇంటికి ఎవరు పోవుదురు?

నాలుగవ ప్రశ్నకు జవాబును పేరుతో సహా వ్రాసికొని ఇంటికి పోవుదము. పాత్ర ఖాళీదైనను సరే, అప్పులవాడు వాకిట నిలిచిన ఇంటికి అది చేరవలెను.