అమ్మ పేరిట ఒక గుప్పెడు



అమ్మ చనిపోయి ఏడాది తిరిగింది. బిడ్డలంతా ఒకచోట చేరారు. ఆమె ఆత్మశాంతి కోసం దివ్యపూజ చెప్పించారు. సమాధికి సున్నం వేయించి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించారు. బంధువులకు భోజనాలు పెట్టారు. సాయంత్రానికి ఎవరి ఊరికి వారు వెళ్ళిపోయారు. మళ్ళీ అమ్మ గుర్తుకొచ్చేది వచ్చే ఏడాదికే! ఇది ఏదో ఒక ఇంటి కథ కాదు, మనలో చాలామంది ఇళ్ళలో జరిగేదే. పూజ చెప్పించడం మన విశ్వాసం, అది మానకూడదు. కాని మిగతా 364 రోజుల మాటేమిటి?

పరిశుద్ధ గ్రంథం ఈ విషయంలో మనకు ఒక దారి చూపుతోంది. యొప్పా పట్టణంలో తబిత అనే శిష్యురాలు ఉండేది. ఆమె చనిపోయినప్పుడు పేతురు వచ్చాడు. అక్కడ చేరిన విధవరాండ్రు ఆమె గుణగణాలను వర్ణిస్తూ ఉపన్యాసాలు చేయలేదు. ఆమె తమకు కుట్టి ఇచ్చిన అంగీలను, వస్త్రాలను చూపించి ఏడ్చారు (అ.కా. 9:36-42). తబిత జ్ఞాపకం వాళ్ళ ఒంటిమీదే ఉంది. ఒక స్త్రీకి ఇంతకంటే గొప్ప స్మారక చిహ్నం ఏముంటుంది?

లూకా సువార్త 8వ అధ్యాయం మొదటి మూడు వచనాలు కూడా చదవండి. మగ్దల మరియమ్మ, హేరోదు గృహనిర్వాహకుడైన కూజా భార్య యోహాన్న, సూసన్న, ఇంకా అనేకమంది స్త్రీలు తమ సొంత ఆస్తితో యేసుకు, శిష్యులకు ఉపచారం చేసేవారు. ‘తమ సొంత’ అన్న మాట గమనించండి. నేటికీ మన ఇళ్ళలో కొందరు తల్లులు కానుకల పళ్ళెంలో పది రూపాయలు వేయాలన్నా భర్తను అడగాలి, లేదా కొడుకు చేయి చూడాలి. స్త్రీని గౌరవించడమంటే ఆమె ఫొటోకు దండ వేయడం మాత్రమే కాదు, బ్రతికి ఉండగా ఆమెకు ఇచ్చే స్వేచ్ఛ ఇవ్వడం కూడా.

చిన్న కానుకను నమ్మిన ఒక స్త్రీని గురించి ఇప్పుడు తెలుసుకుందాం. ఆమె పేరు పౌలిన్ జారికో. 1799లో ఫ్రాన్సు దేశంలోని లియోన్ నగరంలో, పట్టు వ్యాపారి ఇంట పుట్టింది. గురుత్వానికి చదువుతున్న ఆమె అన్న, దూరదేశాలలో వేదబోధకులు పడుతున్న ఇబ్బందులను ఆమెకు తెలియజేశాడు. ఆమె ధనవంతుల గుమ్మాలు ఎక్కలేదు. పట్టు మిల్లులో పనిచేసే ఆడపిల్లలను పిలిచింది. రోజూ ఒక ప్రార్థన, వారానికి ఒక ‘సూ’. అది ఫ్రాంకులో ఇరవయ్యో వంతు విలువగల చిన్న నాణెం. పదిమంది ఒక జట్టు, వారిలో ఒకరు పోగుచేస్తారు. అలాంటి పది జట్లు కలిస్తే వంద, పది వందలు కలిస్తే వెయ్యి. 1822లో ఏర్పడిన వేదవ్యాపక సంఘానికి పునాది ఈ పద్ధతే. 1922లో 11వ భక్తినాధ పోపుగారు దానిని పోపుగారి సంఘంగా చేశారు. అక్టోబరు నెలలో వేదవ్యాపక ఆదివారం నాడు మన విచారణలో పళ్ళెం తిరిగినప్పుడు, ఆ పళ్ళెం వెనుక ఆ మిల్లు పిల్లల చేతులున్నాయి.

ఆమె కథ అక్కడితో అయిపోలేదు. కార్మికులు గౌరవంగా బ్రతికేలా ఒక కర్మాగారం నడపాలని 1845లో పౌలిన్ తన సొమ్మంతా పెట్టింది. నమ్మినవారు మోసం చేశారు. ఆ అప్పులు తీర్చడానికి ముసలితనంలో ఊరూరా తిరిగి చేయి చాచింది. 1862లో కటిక పేదరాలిగా కన్నుమూసింది. 2022 మే 22న లియోన్‌లో శ్రీసభ ఆమెను ధన్యురాలిగా ప్రకటించింది. గౌరవం దక్కింది, కాని చనిపోయిన 160 ఏళ్ళకు! మనకు విశ్వాసం నేర్పిన స్త్రీలలో ఇప్పుడు ఒంటరిగా, మందులకు డబ్బు లేక ఉన్నవారు ఎవరైనా ఉన్నారేమో చూద్దాం. అటువంటి వారుంటే మన మొదటి కానుక వారికే చెందాలి.

మరి కుటుంబంగా మనం ఏం చేయగలం?

మొదటిది, ఈ ఆదివారం పూజ తర్వాత అందరూ కూర్చొని, మీ జీవితానికి వెలుగిచ్చిన ముగ్గురు స్త్రీల పేర్లు రాయండి. జపమాల నేర్పిన నాయనమ్మ కావచ్చు, జ్వరమొస్తే రాత్రంతా చూసుకున్న సిస్టరమ్మ కావచ్చు, పలకమీద అక్షరాలు దిద్దించిన టీచరమ్మ కావచ్చు.

రెండవది, ఎసట్లో బియ్యం పోసే ముందు గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేసే అలవాటు మన పల్లెలకు తెలిసినదే. దాన్ని మళ్ళీ మొదలుపెట్టండి. వేసేటప్పుడు ఆ స్త్రీ పేరు తలచుకొని ఒక మంగళవార్త జపం చెప్పండి. పిల్లల చేత కూడా వేయించండి. బియ్యం వీలుకాని వారు వారానికి పది రూపాయలు తీసిపెట్టండి. పది కుటుంబాలు కలిస్తే ఏడాదికి 5,200 రూపాయలు అవుతాయి.

మూడవది, ఆమె చేసిన పనికి తగినట్టు ఇవ్వండి. టీచరమ్మ పేరిట ఒక పేద పిల్లకు నోటుపుస్తకాలు, సిస్టరమ్మ పేరిట ఒక రోగికి మందులు, నాయనమ్మ పేరిట ఒక వృద్ధురాలికి దుప్పటి.

నాలుగవది, ఇచ్చింది ఒక పుస్తకంలో రాసి ఉంచండి, ఎవరికి చేరిందో విచారించండి. పౌలిన్ జీవితం నేర్పే పాఠాలలో ఇదీ ఒకటి. మంచి మనసుకు జాగ్రత్త కూడా తోడుండాలి.

చివరిగా ఒక మాట. ఆమె పేరిట ఇవ్వడమంటే ఆమె పేరు పాలరాతిమీద చెక్కించడం కాదు. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదని ప్రభువు చెప్పారు (మత్తయి 6:3). పుచ్చుకున్నవారికి ఆమె పేరు తెలియకపోయినా ఫరవాలేదు. పేద విధవరాలి రెండు కాసులను చూసిన ప్రభువుకు (మార్కు 12:41-44) తెలుసు. గుప్పెడు తీసిన ప్రతి పూటా ఆమె మీ ఇంట్లో గుర్తుకొస్తుంది. ఏడాదికి ఒకసారి కాదు, రోజూ.

ఆలోచించండి: మీకు విశ్వాసం నేర్పిన స్త్రీ ఎవరు? ఆమె బ్రతికి ఉంటే, ఆమె ఇంటికి మీరు చివరిసారి ఎప్పుడు వెళ్ళారు?