మనవాళ్ళ పేరు కూడా రాయి

చిరంజీవి పాపకి,



మొన్న ఫోన్లో నువ్వు ఏడవడం, నేను ఊరుకోబెట్టడంతోనే సరిపోయింది. చెప్పాల్సింది గొంతులోనే ఉండిపోయింది. అందుకే కాగితం తీశాను. తీరిగ్గా చదువుకో. చదివి కోపం వస్తే మర్నాడు ఇంకోసారి చదువు.

నాకు అర్థమైనంతలో నీ సంగతి ఇదీ. హాస్టల్లో నిన్ను మెస్ సెక్రటరీగా గెలిపించింది నీ గది పిల్లలు. అందరూ మన గూడూరు, కోట, నాయుడుపేట వైపు వాళ్ళే. గదిగదికీ తిరిగి నీకోసం ఓట్లు అడిగారు. ఎవరైనా చుట్టాలొచ్చి భోంచేస్తే పుస్తకంలో రాయాలి, రాయకపోతే జరిమానా అని గెలిచాక నువ్వే రూలు పెట్టావు. మొదటి ఏడాది పిల్ల ఒకతె వాళ్ళ చెల్లెలికి ఒక్క పూట అన్నం పెట్టించి రాయలేదని జరిమానా వేశావు. ఆ తర్వాత వారానికే నీ స్నేహితురాలు వాళ్ళక్కను మూడు రోజులు గదిలో ఉంచుకుంది, మూడు పూటలా మెస్సులోనే తిన్నారు. పుస్తకంలో పేరు లేదు. నువ్వు చూశావు, చూడనట్టు ఊరుకున్నావు. ఇప్పుడు నువ్వు కంచం పట్టుకొని లైన్లోకి వస్తే పిల్లలు మాటలు ఆపేస్తున్నారు. చివర్లో అడిగావు, మంచి లీడర్ కావాలంటే ఏం చదవాలి పెద్దమ్మా అని.

పుస్తకం సంగతి తర్వాత చెప్తాను. నాయకత్వం అనగానే మనవైపు వాళ్ళు వెంకయ్యనాయుడు గారి పేరు చెప్తారు. 1971లో నెల్లూరు వి.ఆర్. కాలేజీ విద్యార్థి సంఘానికి అధ్యక్షుడైన మనిషి 2017లో దేశానికి ఉపరాష్ట్రపతి అయ్యారు. మీ పెదనాన్న కూడా నువ్వు గెలిచిన రోజు వీధిలో అందరికీ అదే చెప్పి మురిసిపోయారు. ఆ ఎదుగుదల గొప్పదే, కాదనను. కానీ నువ్వు అడిగిన ప్రశ్నకు జవాబు పదవుల వరసలో దొరకదు. ఎదుటివాళ్ళతో పోట్లాడటం ఎవరికైనా వస్తుంది. వార్డెన్‌తో పోట్లాడి పెరుగు గట్టిగా వచ్చేట్టు చేశావని విన్నాను, మెచ్చుకున్నాను కూడా. తనవాళ్ళ దగ్గరికి వెళ్ళి ‘ఇది తప్పు’ అనడం మాత్రం అందరి వల్లా కాదు. నాయకుడు తేలేది అక్కడే అని నా గట్టి నమ్మకం.

పొట్టి శ్రీరాములు గారిని నువ్వు బళ్ళో చదువుకున్నావు. 1952లో ఆంధ్ర రాష్ట్రం కోసం 58 రోజులు నిరాహారదీక్ష చేసి ప్రాణం వదిలారని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నావు. ఆ దీక్ష ప్రభుత్వం మీద. దానికంటే ముందు, 1946లో, నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుళ్ళోకి హరిజనులను రానివ్వాలని ఆయన నిరాహారదీక్ష చేశారు. అది ఎవరి మీద? తెల్లవాళ్ళ మీద కాదు గదా! తనతో కలిసి అదే దేవుడికి దండం పెట్టే సొంత ఊరివాళ్ళ మీద. చెప్పుల్లేకుండా, గొడుగు లేకుండా నెల్లూరు ఎండలో నినాదాలు రాసిన అట్టలు తగిలించుకొని తిరుగుతుంటే పిచ్చివాడన్నవాళ్ళు ఉన్నారు. నెల్లూరు జిల్లాకు ఆయన పేరు పెట్టుకున్నాం, సంతోషమే. ఆ మొదటి దీక్ష గురించి మాత్రం మన బళ్ళలో ఎందుకో గట్టిగా చెప్పరు. నేను టీచర్నయ్యాక ప్రతి ఏడాదీ చెప్పాను.

కమ్యూనిస్టు నాయకుడు సుందరయ్య గారి సంగతి ఇంకా దగ్గరది, ఉద్యమంలోకి వచ్చేనాటికి ఆయన నీకంటే చిన్నవాడు. 1913లో అలగానిపాడులో పుట్టారు. పేరు సుందరరామిరెడ్డి, ఇంటికి బోలెడు భూమి. మద్రాసు లయోలా కాలేజీలో చదువుతూ 1930లో, పదిహేడేళ్ళ వయసులో, ఉప్పు సత్యాగ్రహపు రోజుల్లో చదువు వదిలి ఉద్యమంలోకి దూకారు. జైలంటే ఆ వయసు పిల్లలకు బోర్‌స్టల్ స్కూలు, అక్కడ పెట్టారు. ఇంతవరకు ఆ తరం పిల్లలు చాలామంది చేశారు. బయటికొచ్చాక చేసినదే నాకు పెద్దగా కనిపిస్తుంది. సొంత ఊరికి వెళ్ళి వ్యవసాయ కూలీలను కూడగట్టారు. అలగానిపాడులో కూలీ గట్టిగా అడగాలంటే ఎవరిని అడగాలి? వాళ్ళ ఇంటివాళ్ళను, మేనమామలను, బాబాయిలను. పొద్దున ఎవరి పొలంలో కూలీలు పని మానేశారో, రాత్రి అదే మనిషితో ఒకే పంక్తిలో కూర్చొని అన్నం తినాలి. ఆ కుర్రవాడికి ఆ రోజుల్లో ముద్ద ఎట్టా దిగిందో! తర్వాత పేరు చివరి రెడ్డి తీసేశారు, వాటాకొచ్చిన ఆస్తి ఇచ్చేశారు. పార్లమెంటుకు, ఆ తర్వాత అసెంబ్లీకి సైకిల్ మీద వెళ్ళారని అందరూ చెప్పుకుంటారు. సైకిల్ కథ అందరికీ ఇష్టం, ఎందుకంటే అది మనల్ని ఏమీ అడగదు. ఆయన రాజకీయాలతో నాకు పేచీలున్నాయి, మీ పెదనాన్నకు ఇంకా ఎక్కువ ఉన్నాయి. అయినా సొంత ఇంటి గడపలోనే మొదలుపెట్టిన ఆ ధైర్యానికి ఇద్దరం తలొంచుతాం.

ఇక నేను కళ్ళారా చూసింది చెప్తాను. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం అని అక్షరాస్యత కార్యక్రమం పెట్టారు. ఊరూరా రాత్రి బళ్ళు. కాస్త చదువుకున్నవాళ్ళం వాలంటీర్లం. కోట దగ్గర ఒక పాళెంలో నాకు బడి ఇచ్చారు. పగలంతా పనిచేసి వచ్చిన ఆడవాళ్ళు లాంతరు చుట్టూ పలకలు పట్టుకొని కూర్చునేవాళ్ళు. వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది. మొగుడి సారా వల్ల చితికిపోయిన ఇల్లాలి కథ. ఆ పాఠం వచ్చిన రోజు ఎవరూ అక్షరాలు దిద్దలేదు, తెల్లవార్లూ మాట్లాడుకున్నారు. అప్పట్లో సారా ప్లాస్టిక్ ప్యాకెట్లలో వచ్చేది, పొలం గట్టు మీదికి, పడవ దగ్గరికి కూడా చేరేది. మెట్టలో దూబగుంట అనే చిన్న ఊళ్ళో, రోసమ్మలాంటి ఆడవాళ్ళు కలిసి సారా కొట్టు మూయించారని కబురొచ్చింది. తర్వాత ఆ కథనే ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అని పాఠంగా వేసి రాత్రి బళ్ళకు పంపారు. చదువు నేర్చుకుంటున్నవాళ్ళే చదువులో పాఠమయ్యారు, అట్టాంటిది నేను మళ్ళీ చూడలేదు.

మా పాళెంలో సారా కొట్టు నడిపేది మా బడికి వచ్చే ఒకామె సొంత తమ్ముడు. ఆమెకు అప్పటికి నలభై దాటి ఉంటాయి. తట్టలో చేపలు పెట్టుకొని ఊళ్ళమ్మట తిరిగి అమ్మేది. పొద్దున్నే అందరం కొట్టు మీదికి పోదామని ఆడవాళ్ళు అనుకుంటే, ఈ రాత్రికి ఆగండి అంది. చీకటి పడ్డాక తమ్ముడి ఇంటికి పోయింది, తోడుగా నన్ను పిలిచింది. నేను వాకిట్లో నిలబడ్డాను. మరదలు అన్నం పెడితే కూర్చొని తినింది. చెయ్యి కడుక్కొని, కొంగుతో తుడుచుకొని అప్పుడు చెప్పింది. రేపు పొద్దున కొట్టు మూయిస్తున్నాం, ముందు నేనే ఉంటాను, నా నోటితోనే నీకు తెలియాలని వచ్చాను అని. అతను అరిచాడు. చిన్నప్పుడు అమ్మ పోతే తనను ఎత్తుకొని పెంచింది ఈమే, ఆ మాట కూడా ఎత్తి తిట్టాడు. ఆమె ఎదురు చెప్పలేదు, సర్ది కూడా చెప్పలేదు. లేచి వచ్చేసింది. దారిలో ఏడ్చింది. తెల్లవారి నలభై మంది ఆడవాళ్ళకు ముందు నడిచింది. అంతకుముందు రోజుదాకా ఆ పాళెంలో ఆమె మాటను పట్టించుకునేవాళ్ళు లేరు. ఆరోజు నుంచి ఏ తగాదా వచ్చినా ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళు. తమ్ముడు మాత్రం చాన్నాళ్ళు పలకరించలేదు, కూతురి పెళ్ళికి పిలవలేదు. ఆ తర్వాత కలిశారా అంటే నేను చెప్పలేను, నాకు ఉద్యోగం వచ్చి ఆ పాళెం వదిలేశాను.

ఇంకొకటి. 1992లో సారా వేలంపాటలు జరగనివ్వకుండా నెల్లూరులో ఆడవాళ్ళు అడ్డం కూర్చున్నప్పుడు, రాష్ట్రానికి ముఖ్యమంత్రి ఎవరో తెలుసా? మన వాకాడు వారు, నేదురుమల్లి జనార్దనరెడ్డి గారు. మన పక్క ఊరి మనిషి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు గొడవ ఎందుకు, పరువు పోతుంది అని బుద్ధి చెప్పిన పెద్దలు మన ఇళ్ళల్లోనే ఉన్నారు. ఆడవాళ్ళు వినలేదు. మనవాడైతే మరీ గట్టిగా అడగొచ్చు అనుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి, రెండేళ్ళకే పోయింది, అది వేరే బాధ.

ఇదంతా పెద్ద విషయం, మాది అన్నం పుస్తకం, రెండింటికీ పోలికేంటి అంటావేమో. అన్నం పుస్తకంలో పేరు రాయలేని చెయ్యి రేపు పెద్ద ఆఫీసులో కూర్చున్నా రాయలేదు పాపా. ఈ వయసులోనే చేతికి అలవాటు కావాలి.

అయితే దీనికి రెండో వైపు ఉంది, అక్కడ కూడా జాగ్రత్త. మన వీధి చివర ఉండే మేస్త్రి అక్కను ఎరుగుదువు గదా, నిమ్మతోటల్లో కాయ కోతకు ముఠాను తీసుకెళ్తుంది. పొద్దున ఆటో ఎక్కేటప్పుడు ఎవరెవరు వచ్చారో నోటు పుస్తకంలో రాస్తుంది. ఒకరోజు వాళ్ళ కోడలు ఎండెక్కాక తోటకొచ్చింది. ఆ సాయంత్రం కూలి పంచేటప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఆలస్యంగా వచ్చినవాళ్ళకు ఎంత కోస్తుందో కోడలికీ అంతే కోసింది. ఒక్క రూపాయి ఎక్కువ కోయలేదు, ఒక్క మాట ఎక్కువ అనలేదు. మంచిపేరు కోసం తనవాళ్ళను నలుగురిలో చిన్నబుచ్చేవాళ్ళను కూడా చూశాను నేను. అదీ అన్యాయమే. నీ స్నేహితురాలి పరువు తీసి నువ్వు నిజాయితీపరురాలివి అనిపించుకోవద్దు.

కాబట్టి ఇట్టా చెయ్యి. ముందు ఆ పిల్లతో ఒంటరిగా మాట్లాడు. మేడ మీదికి తీసుకెళ్ళు, టీ తాగండి. మీ అక్క మూడు రోజుల భోజనం పుస్తకంలో రాస్తున్నాను, జరిమానా కూడా అందరికీ ఉన్నట్టే అని చెప్పు. నీ నోటితోనే తనకు తెలియాలి. గోల చేస్తుంది, ఓట్లు అడిగిన సంగతి గుర్తుచేస్తుంది. చెయ్యనీ. గొడవెందుకని ఆ డబ్బు నేనే కట్టేస్తాను అన్నావు చూడు, ఆ పని మాత్రం చెయ్యకు. నువ్వు కడితే లెక్క సరిపోతుంది, ఆ పిల్ల మాత్రం రూలుకు బయటే ఉండిపోతుంది. చేతిలో డబ్బు లేకపోతే రెండు నెలల్లో కట్టమను. అయితే ఆ వెసులుబాటు మొదటి ఏడాది పిల్లకూ ఉండాలి. ఆ పిల్ల దగ్గరికి నువ్వే వెళ్ళు, పిలిపించుకోకు.

తర్వాత ఆదివారం అందరినీ కూర్చోబెట్టి మాట్లాడు. మూడు రోజులు నేను చూసి ఊరుకున్నాను, అది నా తప్పు అని ముందే చెప్పేయ్. ఆ ఒక్క మాటతో సగం గుసగుసలు ఆగుతాయి. ఇంకో సంగతి, ఆ రూలు నువ్వొక్కదానివే పెట్టావు, అదే అసలు చిక్కు. ఊళ్ళ నుంచి అమ్మానాన్నలు ఆసుపత్రి పని మీద వస్తారు, చెల్లెళ్ళు పరీక్ష రాయడానికి వస్తారు. ఒక పూట అన్నానికి డబ్బు కట్టలేని పిల్లలు మీలో ఉన్నారు. నెలకు ఒకరోజు చుట్టానికి ఉచితంగా పెడదామా, పెడితే ఆ ఖర్చు అందరం పంచుకుందామా, వాళ్ళనే తేల్చమను. అందరూ ఒప్పుకున్న రూలైతే రేపు నీ స్నేహితురాలి పేరు రాసేటప్పుడు నీ చెయ్యి వణకదు. పుస్తకం నీ గదిలో దాచకు, మెస్సు గుమ్మం దగ్గర బల్ల మీద పెట్టు, ఎవరైనా తిరగేసి చూసుకోవచ్చు. ఇంకా, మనవైపు పిల్లలు, అవతలివైపు పిల్లలు అనే మాట నీ నోట రానివ్వకు, ఫోన్లో నాలుగుసార్లు అన్నావు.

కొన్నాళ్ళు నీ గదిలోనే నీతో మాట్లాడేవాళ్ళు ఉండరు. అది తప్పదు, తప్పించే ఉపాయం నా దగ్గర లేదు. రాత్రి పూట మరీ కష్టంగా ఉంటే నాకు ఫోన్ చెయ్యి, ఎంత పొద్దుపోయినా ఎత్తుతాను.

చదవడానికి పుస్తకం అడిగావు. సుందరయ్య గారు తన కథ తనే రాసుకున్నారు, ‘విప్లవ పథంలో నా పయనం’. పెదనాన్న బీరువాలో ఉంది, సంక్రాంతికి వచ్చినప్పుడు తీసుకెళ్ళు.

రాజీనామా చేసేదా అని కూడా అడిగావు. ఇప్పుడు వద్దు. ఇప్పుడు దిగిపోతే పుస్తకంలో ఆ మూడు రోజులు ఖాళీగానే ఉంటాయి, నీ తర్వాత వచ్చే పిల్లకు అదే దారి అవుతుంది. పేరు రాయి, మీటింగు పెట్టు, ఈ సెమిస్టరు పరీక్షల దాకా నడుపు. అప్పటికీ నీ వల్ల కాదనిపిస్తే లెక్కలన్నీ అప్పజెప్పి దిగిపో, నేను ఒక్క మాట అనను. ఆదివారం మీటింగు అయ్యాక ఫోన్ చేసి ఎవరెవరు ఏమన్నారో వరసగా చెప్పు. నిన్ను తిట్టినవాళ్ళ మాటలు కూడా దాచకుండా చెప్పు.

ఉంటాను,
పెద్దమ్మ