యంత్రమునకు అక్షరాభ్యాసము

భద్రాచలమునొద్ద గోదావరి వానకాలమున ఉప్పొంగుట ప్రజలు తరతరములుగా ఎరిగిన సంగతియే. అచ్చట నీటిమట్టము 43 అడుగులకు చేరినచో మొదటి ప్రమాద హెచ్చరికను, 48 అడుగులకు చేరినచో రెండవదానిని, 53 అడుగులకు చేరినచో మూడవదానిని ప్రకటింతురు. 1986వ సంవత్సరము ఆగస్టు నెలలో నది 75.6 అడుగుల వరకు పొంగెను. 2022వ సంవత్సరము జూలై నెలలో 71.3 అడుగులకు చేరెను. కూనవరమునొద్ద శబరినది గోదావరిలో కలియును. గోదావరి పోటెత్తినప్పుడు శబరినీరు ముందునకు సాగలేక వెనుకకు తన్నును. అప్పుడు అడవి అంచుననున్న పల్లెలకు దారులు తెగిపోవును.

అట్టి చోట సకాలమున తెలిసిన ఒక్క అంకె ఎందరినో కాపాడగలదు. కాని అంకె కనబడినంత మాత్రమున చాలదు. దాని ప్రక్కన 'హెచ్చరిక' అను మాట కూడ ఉన్నప్పుడే చూచువానికి తన కర్తవ్యము స్ఫురించును. ఇట్లు అంకెను, మాటను చూపగల చిన్న పరికరమును పాఠశాల విద్యార్థులు సైతము అమర్చి నేర్చుకొనవచ్చును. దానికి ముఖ్యముగా రెండు వస్తువులు కావలెను. ఒకటి మైక్రోకంట్రోలర్ పలక. రెండవది అక్షరములను చూపు చిన్న తెర.

మైక్రోకంట్రోలర్ అనగా ఒక్క చిప్పులో ఇమిడిన చిన్న కంప్యూటర్. 2005వ సంవత్సరమున ఇటలీ దేశములోని ఇవ్రియా పట్టణమున విద్యార్థుల కొరకు 'ఆర్డుయినో' అను పలకను రూపొందించిరి. దానిలో 'ఊనో' అను రకము పలకపైనున్న చిప్పు సెకనునకు ఒక కోటి అరువది లక్షల స్పందనల వేగముతో పనిచేయును. అయినను పని జరుగుచుండగా విషయములను గుర్తుంచుకొనుటకు దానికి గల చోటు 2,048 బైట్లు మాత్రమే.

ఇక తెర సంగతి. దానిపై రెండు వరుసలు, వరుసకు 16 గళ్లు ఉండును. ఒక్కొక్క గడిలో అడ్డముగా 5, నిలువుగా 8, వెరసి 40 చుక్కలు కలవు. అనగా తెరయంతటిలో 1,280 చుక్కలున్నవన్నమాట. ఈ చుక్కలు దీపములు కావు. రెండు గాజుపలకల నడుమ ద్రవస్ఫటికమను పదార్థమును పలుచగా నింపియుందురు. 1888వ సంవత్సరమున ఆస్ట్రియా దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు ఫ్రీడ్రిష్ రైనిట్జర్ క్యారట్ దుంపలనుండి తీసిన ఒక పదార్థమును వేడిచేయుచు, అది మొదట మసకద్రవముగా కరగి, మరికొంత వేడికి తేటపడుట గమనించెను. ఆ మసకద్రవమే ద్రవస్ఫటికము. విద్యుత్తు సోకినప్పుడు దానిలోని అణువులు తమ వరుస మార్చుకొని కాంతికి అడ్డుపడును. అప్పుడు ఆ చుక్క నల్లగా కనబడును.

తెర వెనుక మరియొక చిప్పు ఉండును. జపాను దేశపు హిటాచి సంస్థ రూపొందించిన 'హెచ్.డి. 44780' అను చిప్పు ఇట్టివానిలో మిక్కిలి ప్రసిద్ధమైనది. మైక్రోకంట్రోలర్ 65 అను సంఖ్యను పంపినచో, ఈ చిప్పు తనలోని పట్టికను చూచి ఆంగ్లభాషలోని మొదటి పెద్ద అక్షరమును తెరపై నిలుపును. వచ్చిన సంఖ్య ఆజ్ఞయో, అక్షరమో ఒక తీగ తెలుపును. 'ఇప్పుడు గ్రహింపుము' అని వేరొక తీగ సంజ్ఞ చేయును. సంఖ్యను రెండు సగములుగా పంపినచో దానిని మోయుటకు నాలుగు తీగలే చాలును. తెరను తుడిచివేయుటకు ఈ చిప్పునకు సెకనులో వెయ్యవ వంతునకు పైగా కాలము పట్టును. మైక్రోకంట్రోలర్ అంతవరకు ఆగవలెను. ఆగక తొందరపడినచో అక్షరములు చిందరవందర యగును. పై వరుసలో నల్లని గళ్లు మాత్రమే కనబడినచో, తెరకు విద్యుత్తు అందినదనియు, ఆరంభపు ఆజ్ఞలు అందలేదనియు గ్రహింపవలెను.

ఆ పట్టికలో అంకెలు, ఆంగ్లాక్షరములు కలవు. జపానువారు తమ 'కతకాన' లిపికి కూడ దానిలో చోటు కల్పించుకొనిరి. తెలుగు అక్షరములు మాత్రము లేవు. అట్లని నిరాశ చెందనక్కరలేదు. వాడుకొనువారు స్వయముగా గీసిన ఎనిమిది రూపములను నిలుపుకొనుటకు చిప్పులో ఖాళీస్థలము కలదు. యంత్రమునకు తెలుగు అక్షరాభ్యాసము అచ్చటనే మొదలగును.

గడిలోని ఐదు చుక్కలకు ఎడమనుండి కుడికి 16, 8, 4, 2, 1 అని విలువలు. నల్లబడవలసిన చుక్కల విలువలను కూడినచో ఆ వరుస సంఖ్య వచ్చును. సున్నను గీయుటకు పై మూడు వరుసలను ఖాళీగా విడిచి, తక్కిన ఐదింటికి 14, 17, 17, 17, 14 అని వ్రాయవలెను. పై మూడు వరుసలలో 1, 18, 12 చేర్చినచో సున్నపై తలకట్టు నిలిచి 'ర' అగును. గళ్ల కాగితముపై ఎవరైనను దీనిని సరిచూచుకొనవచ్చును.

అన్ని అక్షరములు ఇంత సులభముగా లొంగవు. 'వ' వంటి వెడల్పైన అక్షరము ఐదు చుక్కలలో ఇముడదు. గుడికి పైన, ఒత్తునకు క్రింద చోటు కావలెను. కనుక ఒక్కొక్క అక్షరమునకు రెండేసి గళ్లు ఇచ్చుట మేలు. అప్పుడు 'గోదావరి' అను నాలుగక్షరములకే ఎనిమిది రూపములు సరిపోవును. 'హెచ్చరిక' అను మాటకును నాలుగక్షరములే. మొదట 'గోదావరి 48' అని చూపి, తెర తుడిచి, అక్షరరూపములు మార్చి, పిదప 'హెచ్చరిక 2' అని చూపవలెను. 'రి' రెండు మాటలలోను కలదు గనుక దానిని మరల గీయనక్కరలేదు. అంకెలు పట్టికనుండియే లభించును. ఇట్లు చాలీచాలని చోటులో పొదుపుగా వర్తించుటయే ఈ విద్యలోని నేర్పు.

అడ్డముగా 128, నిలువుగా 64 చుక్కలు గల తెరలును దొరకును. వానిలో గళ్ల నిర్బంధము లేదు. ఒత్తులు, గుణింతములు చక్కగా గీయవచ్చును. అడవి పల్లెలలో వినబడు కోయభాషను కూడ తెలుగు లిపిలో వ్రాయుదురు. కావున తెలుగు అక్షరములు నేర్చిన తెర కోయమాటలను సైతము చూపగలదు.

విద్యార్థులు చేసిన ఈ పరికరము నేర్చుకొనుటకు మాత్రమే. వరదకాలమున అధికారులు చేయు ప్రకటనలనే పాటింపవలెను. అయినను ఈ చిన్నతెర ఒక పెద్ద సంగతిని బోధించును. యంత్రమునకు స్వంతభాష లేదు; నేర్పినవారి భాషయే దాని భాష. జపానువారు తమ లిపిని తామే అందు చేర్చుకొనిరి. తెలుగు లిపిని చేర్చవలసినవారు తెలుగువారే.

ప్రశ్నలు

1. భద్రాచలమునొద్ద మూడు ప్రమాద హెచ్చరికలను ఏ యే మట్టములకు ప్రకటింతురు?
2. తెరపై చుక్క నల్లబడుటకు కారణమేమి?
3. 'గోదావరి', 'హెచ్చరిక' అను మాటలను వేరువేరుగా చూపవలసి వచ్చుటకు కారణమును వివరింపుడు.
4. గళ్ల కాగితముపై 'ర' అక్షరమును చుక్కలతో గీసి, వరుసల సంఖ్యలు వ్రాయుడు.