నీటి ధార వెంట వంగే వెలుగు



మీ ఇంట్లో ఫైబర్ ఇంటర్నెట్ ఉంటే, బయటి నుంచి వచ్చే ఆ సన్నని కేబుల్‌ను పిల్లలకు చూపించండి. లోపల వెంట్రుకంత గాజు పోగు ఉంటుంది. అందులో వచ్చేది కరెంటు కాదు, లేజర్ వెలుగు. "వెలుగు సూటిగా పోతుంది కదా, మరి కేబుల్ వంగిన చోట ఎలా తిరుగుతోంది?" అని అడగండి. పదో తరగతి పిల్లలైతే "సంపూర్ణాంతర పరావర్తనం" అంటారు. మాట తెలియడం మంచిదే. కళ్లతో చూస్తే ఇక మరిచిపోరు.

ఇలా చేయించండి: పారదర్శకమైన ప్లాస్టిక్ సీసాకు అడుగున, పక్కవైపు, పెన్సిల్ మందాన రంధ్రం చేసి వేలితో మూయండి. రంధ్రం పని మీరే చేయండి. నీళ్లు నింపి, సీసా చుట్టూ నల్ల కాగితం చుట్టండి. రంధ్రానికి సరిగ్గా ఎదుటి వైపు మాత్రం కాస్త ఖాళీ వదిలి, అక్కడ టార్చి పెట్టండి. గదిలో లైట్లు ఆర్పి వేలు తీయండి. వంగి పడే ధార కింద అరచేయి పెడితే, చేతి మీద వెలుగు మచ్చ కనిపిస్తుంది.

కారణం ఇదీ: నీటిలోంచి గాలిలోకి పోబోయే కిరణం, లంబంతో దాదాపు 49 డిగ్రీల కంటే ఎక్కువ కోణం చేస్తే బయటికి పోలేదు. అద్దానికి తగిలినట్టు లోపలికే తిరుగుతుంది. ఆ 49 డిగ్రీల కోణాన్నే సందిగ్ధ కోణం అంటారు. అలా తగులుతూ ధార వెంట కిందికి వస్తుంది.

1841లోనే జెనీవాలో కొలాడన్ ఇలాంటి ప్రయోగం చేశారు. మరి ఫైబర్‌లో కబుర్లు పంపడానికి మరో నూరేళ్లకు పైగా ఎందుకు పట్టింది? అప్పటి గాజులో 20 మీటర్లకే వెలుగు నూటికి ఒక వంతు మిగిలేది. లోపం గాజుది కాదు, అందులోని మలినాలది అని 1966లో చార్లెస్ కావ్ చెప్పారు. నేటి మంచి ఫైబర్‌లో కిలోమీటరు దాటినా 95 శాతం మిగులుతుంది. ఆ కృషికి ఆయనకు 2009లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఒక్క జాగ్రత్త: ఈ ప్రయోగానికి లేజర్ లైటు వాడనివ్వకండి. జాతరల్లో, ఆన్‌లైన్‌లో ఆటవస్తువుగా అమ్మేవి కూడా కంటి రెటీనాను శాశ్వతంగా దెబ్బతీయగలవు. తెగిన ఫైబర్ చివరను కంటి దగ్గర పెట్టి చూడనివ్వకండి. అందులోని పరారుణ వెలుగు కనిపించదు కాబట్టి, ఏమీ లేదనుకుంటాం. గాజు ముక్కలు వేలిలో దిగే ప్రమాదమూ ఉంది.

చివరగా పిల్లలకు ఒక ప్రశ్న: ధార చుక్కలుగా విడిపోయాక వెలుగు చేతిదాకా ఎందుకు రాదు? జవాబు మీరు చెప్పకండి. నోట్‌బుక్‌లో వాళ్లనే రాయనివ్వండి.