మగ్గం అక్క కోర్సుకి సొంత వెబ్‌సైట్

మన వైపు ఏ చిన్న పట్నానికి వెళ్లినా మగ్గం వర్క్ నేర్పే ఇల్లు ఒకటి కనిపిస్తుంది. ముందుగదిలో రెండు మూడు మగ్గాలు, వాటి చుట్టూ ఆడపిల్లలు, గోడకి వేలాడుతున్న బ్లౌజులు. పెళ్లిళ్ల సీజన్ వస్తే ఆ టీచరుకి ఊపిరాడదు. నేర్పమంటూ పక్క ఊళ్ల నుంచీ, బెంగళూరు నుంచీ, దుబాయ్‌లో కాపురం ఉంటున్న ఆడపిల్లల నుంచీ ఫోన్లు. గదిలో చూస్తే చోటు లేదు. ‘ఆన్‌లైన్ క్లాసు పెట్టొచ్చుగా అక్కా’ అని ఎవరో అంటారు. అప్పుడామె అదే వీధిలో డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగం వెతుక్కుంటున్న అమ్మాయిని పిలిచి అడుగుతుంది: ‘వెబ్‌సైట్ చేయడం నీకొచ్చా?’

‘వచ్చు’ అని ధైర్యంగా చెప్పగలిగితే అది ఒక ఉపాధి. పాఠం చెప్పడానికి ఊరూరా మంచి టీచర్లున్నారు. ఆ పాఠాన్ని డొమైన్ దగ్గర నుంచి డబ్బు బ్యాంకులో పడేదాకా తీసుకెళ్లే మనిషి మాత్రం తక్కువ. మగ్గం క్లాసు నాకు బాగా నచ్చిన ఉదాహరణ కాబట్టి దాన్నే పట్టుకుని చెబుతాను. ట్యాలీ, సంగీతం, డీఎస్సీ కోచింగ్, ఏదైనా దారి దాదాపు ఇదే.

మొదట తేల్చుకోవాల్సింది ఎక్కడ పెట్టాలన్నది. ఉడెమీ లాంటి అంగట్లో పెడితే జనం వస్తారు గానీ, వారి ఈమెయిళ్లు టీచరు చేతికి రావు. తగ్గింపు ధరల ఆట కూడా అంగడివారిదే. టీచబుల్, థింకిఫిక్, గ్రాఫీ లాంటివి కోర్సుల కోసమే కట్టిన వేదికలు. వీడియో ఎక్కించి, ధర రాసి, లింకు పంపితే చాలు. ఇక వర్డ్‌ప్రెస్, విక్స్, స్క్వేర్‌స్పేస్ ఏ పనికైనా పనికొచ్చే సాధారణ వెబ్‌సైట్ సాధనాలు. వాటిలో కోర్సు అనేది అదనంగా అమర్చుకునే గది.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. వీడియో పాఠాలు తప్ప మరేమీ అమ్మని టీచరుకి కోర్సు వేదిక చాలు, సొంత సైటు అనవసరపు చాకిరీ. మగ్గం అక్క సంగతి వేరు. ఆమె పాఠాలు చెబుతుంది, పెళ్లి బ్లౌజుల ఆర్డర్లు తీసుకుంటుంది, ఆరీ సూది, జరీ, పూసలు, కుందన్లు పెట్టిన కిట్ అమ్ముతుంది. ఈ మూడూ ఒకే చిరునామాలో ఉండాలి. బ్లౌజు చూడటానికి వచ్చిన ఆమె కోర్సు చూడాలి, కోర్సులో చేరిన పిల్ల కిట్ అక్కడే కొనాలి. సాధారణ వెబ్‌సైట్ సాధనం విలువ ఇక్కడ తెలుస్తుంది.

అందులోనూ నేను వర్డ్‌ప్రెస్ వైపే మొగ్గుతాను. 2003లో బ్లాగుల కోసం పుట్టిన ఈ సాఫ్ట్‌వేర్ మీద ఇప్పుడు ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా నడుస్తున్నాయి. సాఫ్ట్‌వేర్ ఉచితం, డొమైన్‌కీ హోస్టింగ్‌కీ మాత్రం డబ్బు కట్టాలి. దుకాణానికి వూకామర్స్, పాఠాలకి ట్యూటర్ ఎల్‌ఎంఎస్, లెర్న్‌డ్యాష్ వంటి ప్లగిన్లు ఉన్నాయి. హోస్టింగ్ నచ్చకపోతే సైటును మూటగట్టుకుని ఇంకోచోటికి వెళ్లొచ్చు. విక్స్‌లో కట్టడం తేలికే గానీ, అక్కడ కట్టిన సైటును యథాతథంగా బయటి హోస్టింగ్‌కి తరలించే వీలు లేదు. ఆ సంగతి టీచరుకి ముందే చెప్పండి. ఒక్క హెచ్చరిక కూడా. ‘నల్డ్’ పేరుతో ఉచితంగా దొరికే దొంగ ప్లగిన్లను ముట్టుకోకండి. వాటిలో దాగి వచ్చే హానికర కోడ్ వల్ల ఒక్క రాత్రిలో సైటే పోవచ్చు.

వీడియో లెక్క

కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది వీడియో దగ్గరే. సెకనుకు 1.5 మెగాబిట్ల వేగంతో సాగే వీడియో గంటకి సుమారు 675 ఎంబీ. 12 గంటల కోర్సంటే 8 జీబీ. 200 మంది తలా ఒకసారి పూర్తిగా చూస్తే 1,600 జీబీ. మగ్గం నేర్చుకునే పిల్ల ఒకసారి చూసి ఊరుకోదు, ఒక్కో కుట్టునీ పదిసార్లు వెనక్కి తిప్పి చూస్తుంది. చవక షేర్డ్ హోస్టింగ్ ఈ బరువు మోయలేదు. కాబట్టి సైటు ఒకచోట, వీడియోలు విమియో లాంటి వీడియో సర్వీసులో ఇంకోచోట ఉండాలి. ఆ వీడియో మన సైటులో తప్ప వేరేచోట ఆడకుండా అక్కడ కట్టడి పెట్టుకోవచ్చు. యూట్యూబ్‌లో ‘అన్‌లిస్టెడ్’గా పెడితే ఖర్చు లేదు గానీ లింకు దొరికిన ఎవరైనా చూస్తారు. ఎన్ని తాళాలు వేసినా స్క్రీన్ రికార్డింగ్‌ని పూర్తిగా ఆపలేం. తెర మీద విద్యార్థి ఫోన్ నంబరు కదులుతూ కనిపించేలా పెడితే టెలిగ్రామ్‌లో పంచేవాళ్లు కొంచెం వెనకాడతారు.

ఇంకో సంగతి సాఫ్ట్‌వేర్ పుస్తకాల్లో దొరకదు. మగ్గం మీద చేసే ఆరీ పనిలో కుడిచేయి సూదితో బట్ట పైన ఉంటే, ఎడమచేయి మగ్గం కింద దారం అందిస్తుంటుంది. పైనుంచి తీసిన వీడియోలో సగం పనే కనిపిస్తుంది. దారం కింద ఎలా చుడుతుందో చూడకుండా గొలుసు కుట్టు ఎవరికీ పట్టుబడదు. అందుకని మగ్గం కింద రెండో ఫోన్ పెట్టి తీయాలి, రెండు దృశ్యాలనూ పక్కపక్కన చూపించాలి. సైటు కట్టేవారికి పాఠం లోపలి సంగతి తెలియాలని నేను పట్టుబట్టేది ఇందుకే. ఒక వీడియోకి ఒకే కుట్టు, అయిదారు నిమిషాలు మించకుండా. తర్వాత విద్యార్థి తాను కుట్టినదాన్ని ఫొటో తీసి పంపాలి, బట్ట వెనకవైపు కూడా. పనిలో లోపం వెనకవైపే బయటపడుతుంది. ఆ ఫొటో చూసి టీచరు చెప్పే రెండు మాటల కోసమే విద్యార్థి డబ్బు కడుతుంది. కుట్టు వీడియోలు యూట్యూబ్‌లో ఉచితంగా కావలసినన్ని ఉన్నాయి కదా. ప్లగిన్ ఎంచుకునేటప్పుడు అసైన్‌మెంట్‌గా ఫొటో పంపే సౌకర్యం ఉందో లేదో ముందు చూడండి. మిగతా హంగులు తర్వాత.

తెలుగుతో వచ్చే చిక్కులు

సాధనాలన్నీ ఇంగ్లిషును దృష్టిలో పెట్టుకుని తయారైనవి. మీరు ఎంచుకున్న అందమైన ఫాంట్‌లో తెలుగు అక్షరాలే ఉండకపోవచ్చు. అప్పుడు ఒక్కో ఫోన్‌లో ఒక్కోలా కనిపిస్తుంది. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు వంటివి ఉచితంగా ఉన్నాయి, వాటిని పెట్టండి. కోర్సు పూర్తయ్యాక ఇచ్చే సర్టిఫికెట్ పీడీఎఫ్‌లో ఇంకా పెద్ద సమస్య. ఆ పీడీఎఫ్ తయారుచేసే కొన్ని ప్రోగ్రాములకి వొత్తులు కలపడం రాదు. ‘లక్ష్మి’ అనే పేరు ముక్కలై అచ్చవుతుంది. మూడు నెలలు కష్టపడి నేర్చుకున్న పిల్లకి తన పేరే విరిగిన కాగితం ఇవ్వడం ఎంత అవమానం! అమ్మకం మొదలుపెట్టక ముందే క్ష్మి, స్త్రీ, జ్ఞ ఉన్న పేర్లతో పరీక్షించండి. పేజీ చిరునామాను మాత్రం ఇంగ్లిషు అక్షరాల్లోనే పొట్టిగా ఉంచండి. ‘మగ్గం-వర్క్-కోర్సు’ అని తెలుగులో పెట్టిన చిరునామాను వాట్సాప్‌లో అతికిస్తే శాతం గుర్తులతో దాదాపు 150 అక్షరాల తోక అవ్వొచ్చు. అలాంటి లింకు మీద నొక్కడానికి జనం భయపడతారు.

లాగిన్ కూడా అంతే. ఈమెయిల్, పాస్‌వర్డ్ అంటే చాలామంది గృహిణులు మొదటి రోజే ఆగిపోతారు. ఫోన్ నంబరుకి ఓటీపీ వచ్చేలా అమర్చితే మీకు వచ్చే ‘తెరుచుకోవట్లేదమ్మా’ ఫోన్లు బాగా తగ్గుతాయి.

డబ్బు, చట్టం

రేజర్‌పే, క్యాష్‌ఫ్రీ లాంటి పేమెంట్ గేట్‌వే ఖాతా తెరవాలంటే టీచరు పాన్, బ్యాంకు వివరాలతో పాటు సైటులో కాంటాక్ట్, నిబంధనలు, రీఫండ్, ప్రైవసీ పేజీలు సిద్ధంగా ఉండాలి. ఇవి లేకపోతే దరఖాస్తు వెనక్కి రావచ్చు. 2 శాతం తీసుకునే గేట్‌వే అయితే 2,000 రూపాయల ఫీజుకి 40 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ వర్తిస్తే మరో 7.20 పోతాయి. దుబాయ్ విద్యార్థుల కార్డులు తీసుకోవాలంటే అంతర్జాతీయ చెల్లింపులకు విడిగా అనుమతి అడగాలి.

జీఎస్టీలో ఒక మెలిక ఉంది. పాఠాల లాంటి సేవలు మాత్రమే అమ్మితే, మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏడాది మొత్తం టర్నోవర్ 20 లక్షలు దాటేదాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, విద్యార్థి వేరే రాష్ట్రంలో ఉన్నా సరే. కానీ సూదులు, పూసల కిట్ సరుకు కిందికి వస్తుంది. గుంటూరు నుంచి ఖమ్మానికి ఒక్క కిట్ పంపినా అది రాష్ట్రం దాటిన అమ్మకం. టర్నోవర్ ఎంతైనా రిజిస్ట్రేషన్ కావాలి. కాబట్టి మొదట్లో కిట్‌ను సొంత రాష్ట్రానికే పరిమితం చేసి, బయటివారికి కొనుక్కోవాల్సిన వస్తువుల జాబితా ఇవ్వడం ఒక మార్గం. ఈ విషయంలో ఒకసారి ఆడిటర్ దగ్గర కూర్చోండి. వేసవి సెలవుల్లో స్కూలు పిల్లలూ చేరతారు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారి వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి అడుగుతోంది. దరఖాస్తులో ఆ గడి పెట్టడం మరవకండి.

డొమైన్, హోస్టింగ్, గేట్‌వే మూడూ టీచరు పేరు మీదే ఉండాలి. తమ పేరు మీద పెట్టుకుని, తర్వాత గొడవ వస్తే సైటును బందీ చేసేవాళ్లున్నారు. అది అన్యాయం. అలాంటి పేరు ఒకసారి వస్తే ఆ ఊళ్లో మళ్లీ పని దొరకదు.

నేర్చుకోవడానికి ఫీజులు కట్టనక్కర్లేదు. వర్డ్‌ప్రెస్ ప్లేగ్రౌండ్ బ్రౌజర్‌లోనే ఉచితంగా నడుస్తుంది. ఒక ల్యాప్‌టాప్, రెండు నెలల ఓపిక చాలు. ఒక నిజమైన టీచరుకి ఒక నిజమైన కోర్సు పెట్టి, పదిమంది విద్యార్థులతో ఒక బ్యాచ్ నడిపి చూడండి. సైటు కట్టినందుకు ఒకసారి, బ్యాకప్‌లు, అప్‌డేట్లు, విద్యార్థుల ఫోన్లు చూసుకుంటున్నందుకు నెలనెలా తీసుకోండి. మీ ఇల్లు గడిచేది ఆ నెలవారీ డబ్బుతోనే. ఉద్యోగమే కావాలనుకునేవారు దీంతో పాటు మూడుల్ కూడా నేర్చుకోవాలి. 2002 నుంచి ఉన్న ఈ ఉచిత ఎల్‌ఎంఎస్‌ను, అంటే కోర్సులు నడిపే సాఫ్ట్‌వేర్‌ను, కాలేజీలు, యూనివర్సిటీలు వాడుతుంటాయి. ఎల్‌ఎంఎస్ అడ్మినిస్ట్రేటర్, ఇన్‌స్ట్రక్షనల్ డిజైనర్ పోస్టుల ఇంటర్వ్యూల్లో మీరు నడిపిన ఆ పదిమంది బ్యాచ్ గురించి చెప్పగలిగితే, సర్టిఫికెట్ల కట్ట కన్నా ఎక్కువ వింటారు.

సైటు తెరిచే ముందు ఒక పూట అక్క క్లాసులో కూర్చోండి. కొత్తగా చేరిన పిల్లకి ఆమె గొలుసు కుట్టు నేర్పడం మొదటి నుంచి చివరిదాకా చూడండి. ఎక్కడ మాట ఆపి పిల్ల చేయి పట్టుకుంటుందో, ఏ మాట రెండోసారి చెబుతుందో, ఎప్పుడు వంగి మగ్గం కిందికి చూస్తుందో నోటుబుక్కులో టైముతో సహా రాసుకోండి. రెండో ఫోన్ ఎక్కడ పెట్టాలో, ఏ వీడియో దగ్గర ఫొటో అడగాలో ఆ కాగితమే చెబుతుంది.