ఎర్రని ఆకుకు ఫోటో తీయడమెలా?

బాలలూ! జపానులో టోక్యో నుంచి ఒక్కరోజులో వెళ్ళి రాదగిన కొండప్రాంతం నిక్కో. ఎత్తుకు పోయేకొద్దీ చలి ఎక్కువ కదా! అందుకే 1,269 మీటర్ల ఎత్తునున్న చుజెంజి సరస్సు దగ్గర అక్టోబరులోనే ఆకులు రంగు మారతాయి. దిగువనున్న పట్టణంలో అయితే నవంబరు రావాలి.

పగలు తగ్గి చలి ముదిరేసరికి ఆకులోని పత్రహరితం విచ్ఛిన్నమవుతుంది. అంతవరకు దాని చాటున ఉన్న కెరోటినాయిడ్ల పసుపు రంగు బయటపడుతుంది. మేపుల్ ఆకులోని ఎరుపు మాత్రం దాగి ఉన్నది కాదు. ఆంథోసయనిన్ అనే వర్ణకం అప్పుడు కొత్తగా తయారవుతుంది.

ఇక ఫోటో సంగతి. ఎండ మన వీపు వైపు నుంచి పడితే, కొంత కాంతి ఆకు నున్నని పైపొర మీదనే పరావర్తనం చెందుతుంది. వర్ణకాలను తాకని ఆ తెల్లని మెరుపు వల్ల రంగు వెలిసినట్లుంటుంది. ఆకు మనకూ సూర్యునికీ మధ్య ఉంటే? కాంతి ఆకు గుండా వస్తుంది. ఆంథోసయనిన్ ఆకుపచ్చ కాంతిని, కెరోటినాయిడ్లు నీలికాంతిని శోషించుకోగా, మిగిలిన ఎరుపు కెమెరాను చేరుతుంది. కాని సూర్యుణ్ణి కంటితోగాని, కెమెరాలోంచిగాని నేరుగా చూడకండి. చూపుకే ప్రమాదం! సూర్యబింబం చెట్టు మాను చాటున ఉండేలా నిలబడండి.

ఇది తెలుసుకోవడానికి జపాను వెళ్ళనక్కరలేదు. మన బాదం ఆకులు కూడా రాలేముందు ఎర్రబడతాయి. ఒకటి ఏరి, ముందు ఎండ దాని మీద పడేలా, తరువాత కిటికీ వెలుతురుకు అడ్డంగా పట్టి చూడండి. ఏమి తేడా కనిపించింది? నోటుపుస్తకంలో రాసుకోండి.