టర్బో ఇంజన్లలో నల్లపొగ, శక్తిలోపం: నిర్ధారణ క్రమం

వరికోత యంత్రాలలోను, అధిక సామర్థ్యం గల ట్రాక్టర్లలోను టర్బోఛార్జర్ అమర్చిన డీజిల్ ఇంజన్లు నేడు విరివిగా వాడుకలో ఉన్నాయి. దాళ్వా, యాసంగి కోతల సమయంలో ఇటువంటి ఇంజన్ నల్లపొగ చిమ్ముతూ శక్తి కోల్పోతే, పండిన పంట చేలోనే నిలిచి అకాల వర్షానికి గురయ్యే ప్రమాదం ఉంది. ఆ తొందరలో మొదట డీజిల్ పంపును విప్పడమో, ఇంధన స్క్రూను తిప్పడమో జరుగుతుంది. అయితే నల్లపొగకు ఇంధనం ఎక్కువ కావడమే కాక, గాలి తక్కువ కావడం కూడా ముఖ్య కారణం. గాలి మార్గాన్ని పరీక్షించడం సులభం, ఖర్చు స్వల్పం. కనుక నిర్ధారణ అక్కడి నుండే ఆరంభం కావాలి.

సూత్రం

ఒక కిలో డీజిల్ పూర్తిగా మండడానికి సుమారు 14.5 కిలోల గాలి అవసరం. లీటరు డీజిల్ బరువు సుమారు 0.83 కిలో. కాబట్టి లీటరుకు 12 కిలోల గాలి, అనగా దాదాపు 10 ఘనపు మీటర్ల గాలి కావాలి. ఇది సిద్ధాంతరీత్యా కనీస పరిమాణం మాత్రమే. సిలిండరులో ఇంధనం, గాలి సమంగా కలిసేంత వ్యవధి ఉండదు గనుక, పొగ రాకుండా ఉండాలంటే ఇంతకంటే ఎక్కువ గాలి అందాలి. ఆ అదనపు గాలిని టర్బోఛార్జర్ సమకూరుస్తుంది. గాలి తగ్గినా ఇంధనం తగ్గకపోతే, పూర్తిగా మండని ఇంధనం మసిగా వెలువడుతుంది. శక్తి తగ్గుతుంది, పొగగొట్టంలో ఉష్ణోగ్రత పెరుగుతుంది. ఈ స్థితిలో ఇంధనాన్ని ఇంకా పెంచితే పిస్టన్లు, వాల్వులు, టర్బైను రెక్కలు దెబ్బతినే అవకాశం ఉంది.

టర్బో అమర్చిన పెట్రోలు కార్లలోనూ ఇటువంటి స్థితి కనిపిస్తుంది. గాలిని కొలిచే సెన్సరు టర్బోకు ముందున్న కార్లలో, టర్బో తరువాతి గొట్టం చీలితే బయటికి పోయిన గాలికి కూడా కంప్యూటరు ఇంధనం లెక్కగట్టి అందిస్తుంది. ఫలితంగా మిశ్రమంలో పెట్రోలు ఎక్కువై శక్తి తగ్గుతుంది.

పొగ రంగును బట్టి గుర్తింపు

నల్లపొగ గాలి, ఇంధనాల నిష్పత్తి తప్పిందని తెలుపుతుంది. నీలిపొగ ఇంజన్ ఆయిల్ మండుతున్నదనడానికి సూచన. తెల్లపొగకు మండని ఇంధనం గాని, సిలిండరులోకి చేరిన నీరు గాని కారణం. పొగ లేకుండా శక్తి మాత్రమే తగ్గితే డీజిల్ ఫిల్టరును, ఇంధన సరఫరాను ముందుగా చూడాలి.

పరీక్షా క్రమం

1. ఎయిర్ ఫిల్టరు: వరికోతలో దుమ్ము, పొట్టు వలన ఇది త్వరగా పూడుకుంటుంది. ఫిల్టరు సూచిక ఎరుపు చూపితే బయటి ఫిల్టరును లోపలి నుండి బయటికి తక్కువ పీడనపు గాలితో శుభ్రపరచాలి. నేలకేసి కొట్టరాదు. లోపలి రక్షక ఫిల్టరును కడగక, ఊదక, కొత్తది అమర్చాలి.

2. గొట్టాలు, క్లిప్పులు: టర్బోకు, ఇంజన్‌కు మధ్య కీళ్లపై సబ్బునీరు పూసి, సహాయకుడు ఇంజన్ వేగం పెంచినప్పుడు బుడగలు గమనించాలి. ఫిల్టరుకు, టర్బోకు మధ్య చీలిక మరింత హానికరం. అక్కడ వడకట్టని దుమ్ము లోపలికి చేరి రెక్కలను, సిలిండర్లను అరగదీస్తుంది.

3. ఇంటర్‌కూలర్: రెక్కల మధ్య పొట్టు పేరుకుంటే గాలి చల్లబడదు. వేడిగాలి సాంద్రత తక్కువ గనుక సిలిండరుకు చేరే గాలి బరువు తగ్గుతుంది.

4. టర్బోఛార్జర్: ఇంజన్ ఆపి, పూర్తిగా చల్లారిన తరువాత ఇరుసును చేతితో తిప్పి చూడాలి. అది తేలికగా తిరగాలి; రెక్కలు గోడకు తగలరాదు. వేస్ట్‌గేటు తెరచుకునే ఉండిపోయిందేమో, సైలెన్సరు మసితో పూడిందేమో కూడా పరిశీలించాలి.

5. ఇంధన విభాగం: పై నాలుగూ సరిగా ఉన్నప్పుడే ఇంజెక్టర్లు కారడం, ఇంజెక్షన్ సమయం తప్పడం, పంపు అమరికను మార్చి ఉండడం వంటివి పరీక్షించాలి. ఈ పని తగిన పరికరాలున్న కేంద్రంలోనే జరగాలి.

ముగింపు

మొదటి మూడు పరీక్షలు పొలం గట్టునే పూర్తి చేయవచ్చు. స్క్రూ తిప్పి తాత్కాలికంగా పొందే శక్తికి మూల్యం ఇంజన్ ఆయుష్షు. కోతలకు ముందే యంత్ర యజమానులకు, డ్రైవర్లకు ఈ క్రమాన్ని ప్రదర్శన ద్వారా నేర్పడం విస్తరణ శాస్త్రవేత్తల బాధ్యతగా భావించాలి.